ఉపగ్రహ డేటా, పైథాన్ పటాలు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాలలో ఎక్కువ భాగం ఒకే పని చుట్టూ తిరిగాయి. ఉపగ్రహాల కొలతలను అక్షాంశ రేఖాంశాల గళ్లుగా పేర్చిన ఫైళ్లను తీసుకొని, పైథాన్‌తో వాటిని పటం మీద గీయడమే ఆ పని. ఆ ఉత్తరాలన్నింటిలోనూ ఒక పోలిక కనిపించింది. ఎవరి ప్రోగ్రామూ మధ్యలో ఆగలేదు, ఎవరికీ ఎర్రర్ రాలేదు. పటం చక్కగానే వచ్చింది, కాకపోతే తప్పుగా వచ్చింది. గీసే ఫంక్షన్‌కు అంకెలు, కొలతలు ఇస్తే చాలు, అవి ఏ చోటివో, ఏ ప్రమాణంలో ఉన్నాయో అది అడగదు. అందుకే కింది జవాబులలో గీయడం గురించి కన్నా ఫైలును చదవడం గురించే ఎక్కువ రాయవలసి వచ్చింది.

ప్రశ్న: నాసా వారి ఐమెర్గ్ వర్షపాతపు ఫైలును దించుకొని, అందులోని అంకెలను పైథాన్‌లో బొమ్మలు గీసే మ్యాట్‌ప్లాట్‌లిబ్ లైబ్రరీలోని ఇమ్‌షో ఫంక్షన్‌కు ఇచ్చాను. ప్రపంచపటం నిలువుగా, పక్కకు పడుకున్నట్టు వచ్చింది. అడ్డం నిలువు మార్చి చూస్తే తలకిందులైంది. ఫైలే పాడైందా?

జవాబు: ఫైలు బాగానే ఉంది. ఐమెర్గ్ గళ్లు ఒక్కొక్కటి 0.1 డిగ్రీ వెడల్పు, అంతే ఎత్తు ఉంటాయి కనుక భూమి మొత్తానికి రేఖాంశాల వైపు 3600, అక్షాంశాల వైపు 1800 గళ్లు వస్తాయి. చాలా డేటాలలో ముందు కాలం, తరువాత అక్షాంశం, చివరన రేఖాంశం అనే వరుస ఉంటుంది గాని ఈ ఫైలులో రేఖాంశమే ముందుంటుంది, అక్షాంశం దాని తరువాత వస్తుంది. ఇమ్‌షోకు ఈ పేర్లేవీ తెలియవు. మొదటి కొలతను (డైమెన్షన్‌ను) వరుసలుగా, రెండవదానిని నిలువు గళ్లుగా తీసుకొని గీస్తుంది. దానితో పశ్చిమం పైకి, తూర్పు కిందికి, దక్షిణ ధ్రువం ఎడమ చేతికి, ఉత్తర ధ్రువం కుడి చేతికి వచ్చి, మీరు చూసిన పడుకున్న పటం తయారైంది.

మీరు అడ్డం నిలువు మార్చినప్పుడు మొదటి తప్పు పోయి రెండవది బయటపడింది. ఈ ఫైలులో అక్షాంశాలు దక్షిణాన మైనస్ 89.95 దగ్గర మొదలై ఉత్తరాన 89.95 వరకు పెరుగుతాయి, ఇమ్‌షో మాత్రం ఫొటోలను చూపినట్టు మొదటి వరుసను పైన పెడుతుంది. ఆరిజిన్ అనే చోట లోయర్ అని ఇస్తే పటం నిలబడుతుంది. అయితే ఇలా తిప్పుకుంటూ పోయే పద్ధతిని నేను సమర్థించను. రేపు ఇంకో ఉపగ్రహపు ఫైలులో అక్షాంశాలు ఉత్తరం నుంచి దిగుతూ వస్తే, ఇవాళ కుదిరిన మార్పే రేపు పటాన్ని తలకిందులు చేస్తుంది. ఒక సమావేశంలో నేను చూపిన సముద్ర ఉష్ణోగ్రతల పటం సరిగ్గా ఇలాగే తలకిందులై, ధ్రువాలు రెండూ చల్లగానే కనిపిస్తాయి కనుక చాలాసేపు ఎవరి కంటా పడలేదు. తీరరేఖలు గీసి ఉంటే మొదటి క్షణంలోనే దొరికిపోయేవాణ్ణి.

మంచి దారి ఏమిటంటే, ఫైలును ఎక్స్‌ఎరే అనే లైబ్రరీతో తెరవడం. అది అంకెలతో పాటు వాటి కొలతల పేర్లను, అక్షాంశ రేఖాంశాల విలువలను పట్టుకొని ఉంటుంది. గడి గడికీ రంగు వేసే పీకలర్‌మెష్ ఫంక్షన్‌తో గీసేటప్పుడు అడ్డానికి రేఖాంశం, నిలువుకు అక్షాంశం అని పేరు పెట్టి చెబితే, లోపల వరుస ఏదైనా, దిక్కు ఏదైనా ప్రతి గడీ తన చోటికే వెళ్తుంది. అరగంటకొకటి చొప్పున వచ్చే ఐమెర్గ్ ఫైళ్లలో డేటా గ్రిడ్ అనే గ్రూపు లోపల ఉంటుంది. తెరిచేటప్పుడు ఆ గ్రూపు పేరు చెప్పకపోతే ఎక్స్‌ఎరే ఖాళీ డేటాసెట్‌ను చూపుతుంది. దాన్ని చూసి కూడా ఫైలు పాడైందనుకున్నవాళ్లు ఉన్నారు.

మీరు అడగకపోయినా ఒక మాట. ఆ అరగంట ఫైలులో ఉన్నది కురిసిన వాన మొత్తం కాదు, గంటకు ఎన్ని మిల్లీమీటర్లు అనే వేగం. రోజు మొత్తం కావాలంటే 48 ఫైళ్ల విలువలను ఊరికే కూడితే రెట్టింపు వాన వస్తుంది. ప్రతిదానినీ సగం చేసి కూడాలి.

ప్రశ్న: మామూలు పటం సరిగానే వస్తోంది. పటాల లైబ్రరీ కార్టోపైలో రాబిన్సన్ ప్రొజెక్షన్ (గుండ్రని భూమిని చదునుగా పరిచే పద్ధతులలో ఒకటి) పెట్టగానే తీరరేఖలు మిగిలాయి గాని డేటా అంతా మాయమైంది. ఎందుకు?

జవాబు: డేటా మాయం కాలేదు, గినియా సింధుశాఖ దగ్గర చిన్న చుక్కై కూర్చుంది. కార్టోపైలో రెండు వేరువేరు సంగతులు చెప్పవలసి ఉంటుంది. పటం ఏ ప్రొజెక్షన్‌లో కనిపించాలనేది మొదటిది, దానిని యాక్సిస్, అంటే పటం గీసే చట్రం, తయారుచేసేటప్పుడు ప్రొజెక్షన్ అనే పేరుతో ఇస్తాము. మన చేతిలోని అంకెలు ఏ పద్ధతిలో ఉన్నాయనేది రెండవది, దానిని గీసేటప్పుడు ట్రాన్స్‌ఫామ్ అనే పేరుతో ఇస్తాము. రెండవది మీరు చెప్పకపోతే, అంకెలు కూడా పటం ప్రొజెక్షన్‌లోనే ఉన్నాయని కార్టోపై అనుకుంటుంది. రాబిన్సన్‌లో కొలత మీటర్లలో సాగుతుంది, పటం అడ్డంగా సుమారు 34,000 కిలోమీటర్లు ఉంటుంది. మీ రేఖాంశాలు మైనస్ 180 నుంచి 180 వరకు ఉన్నాయి గనుక వాటిని మీటర్లుగా తీసుకుంటే, ప్రపంచమంతటి డేటా 360 మీటర్ల వెడల్పులో, సున్నా అక్షాంశం సున్నా రేఖాంశం కలిసే చోట ఇరుక్కుపోతుంది. మ్యాప్ మొత్తం కనిపించేటట్టు పెట్టినప్పుడు అంత చిన్న మచ్చ కంటికి ఆనదు.

మీ మొదటి పటం సరిగ్గా రావడానికి కారణం అదృష్టమే. ప్లేట్ కారే అనే ప్రొజెక్షన్‌లో కొలతలు డిగ్రీలలోనే ఉంటాయి కాబట్టి ట్రాన్స్‌ఫామ్ మరిచిపోయినా పని జరిగిపోతుంది, ఆ మరపు అలవాటైపోతుంది. డిగ్రీలలో ఉన్న డేటాకు ప్రతిసారీ ట్రాన్స్‌ఫామ్ దగ్గర ప్లేట్ కారే అని రాయండి, అవసరం లేదనిపించినా రాయండి. పసిఫిక్ మహాసముద్రాన్ని నడుమకు తేవడానికి మధ్య రేఖాంశం 180 అని ఇస్తే, దానిని ప్రొజెక్షన్‌కు మాత్రమే ఇవ్వాలి; ట్రాన్స్‌ఫామ్‌లోనూ అదే 180 ఇస్తే డేటా భూమి చుట్టూ సగం దూరం జరిగి, ఒక సముద్రపు వేడి ఇంకో ఖండం మీద కనిపిస్తుంది.

ప్రశ్న: సముద్ర ఉపరితల ఉష్ణోగ్రతల పటంలో సున్నా రేఖాంశం వెంట నిలువుగా సన్నని తెల్లగీత వస్తోంది. అదీగాక మైనస్ 20 నుంచి 60 వరకు రేఖాంశాలు అడిగితే కొంత భాగమే వస్తోంది.

జవాబు: రెండింటికీ మూలం ఒకటే. మీ ఫైలులో రేఖాంశాలు 0 నుంచి 360 వరకు ఉన్నాయి. ఓఐఎస్ఎస్‌టీ అనే సముద్ర ఉష్ణోగ్రతల డేటానే తీసుకోండి. దానిలో 0.25 డిగ్రీల గళ్లు 1440 ఉంటాయి, మొదటి గడి నడిబిందువు 0.125 దగ్గర, చివరిది 359.875 దగ్గర. మీరు వాడిన కాంటూర్‌ఎఫ్ అనే గీసే ఫంక్షన్ బిందువుల మధ్యనే రంగు నింపుతుంది గాని చివరి బిందువు నుంచి మళ్లీ మొదటిదానికి చుట్టూ తిరిగి రాదు. ఆ పావు డిగ్రీ సందే మీ తెల్లగీత. కార్టోపైలో యాడ్ సైక్లిక్ పాయింట్ అనే సాయం ఉంది, అది మొదటి నిలువు వరుసను చివరన మరోసారి అతికిస్తుంది. పీకలర్‌మెష్ వాడితే ప్రతి గడికీ వెడల్పు ఉంటుంది కనుక సాధారణంగా ఈ సమస్యే రాదు.

ఇక మైనస్ 20 అనే రేఖాంశం ఆ ఫైలులో లేనే లేదు, అక్కడ దాని పేరు 340. ఎక్స్‌ఎరే ఎర్రర్ ఇవ్వకుండా ఉన్నంతవరకు, అంటే 0 నుంచి 60 వరకు, ఇచ్చి ఊరుకుంది. రేఖాంశానికి 180 కలిపి, 360తో భాగించి, శేషంలోంచి 180 తీసివేసి, వచ్చినదాన్ని కొత్త రేఖాంశంగా పెట్టి, ఆ వరుసలో సార్ట్ చేయించండి. సార్ట్ మరిచిపోతే తూర్పు పశ్చిమాలు విడివిడిగా మిగులుతాయి. అక్షాంశాల విషయంలోనూ ఇలాంటి చిక్కే ఒకటి ఉంది: అవి ఉత్తరం నుంచి దిగుతూ వచ్చే ఫైలులో 10 నుంచి 30 అని అడిగితే ఒక్క వరుసా రాదు, 30 నుంచి 10 అని అడగాలి.

ప్రశ్న: నాసా ఉపగ్రహాల మీది మోడిస్ పరికరం కొలిచిన భూ ఉపరితల ఉష్ణోగ్రతల పటం గీస్తే ఒక పద్ధతిలో విలువలు 15,000 దాకా వస్తున్నాయి, ఇంకో పద్ధతిలో 6 కెల్విన్‌లు వస్తున్నాయి, మూడవ పద్ధతిలో మబ్బు ఉన్నచోటల్లా మైనస్ 273.15 వస్తోంది. దేనిని నమ్మాలి?

జవాబు: మూడింటినీ నమ్మకండి, కాని మూడూ ఎక్కడినుంచి వచ్చాయో చూస్తే ఇకముందు ఏ ఫైలు చేతికొచ్చినా చిక్కు ఉండదు, అందుకే ఈ ప్రశ్నకు కొంచెం ఎక్కువ చోటు కేటాయిస్తున్నాను.

ఉపగ్రహపు ఫైళ్లు బరువెక్కకుండా ఉండటానికి దశాంశ సంఖ్యలను రెండు బైట్ల పూర్ణాంకాలుగా కుదించి దాచుతారు, ఆ పూర్ణాంకాన్ని అసలు విలువగా మార్చే గుణకాన్ని స్కేల్ ఫ్యాక్టర్ అనే పేరుతో పక్కనే రాసిపెడతారు. మోడిస్ భూ ఉష్ణోగ్రతకు ఆ గుణకం 0.02. ఒక గడిలో 14985 అని ఉందనుకుందాం. దానిని 0.02తో గుణిస్తే 299.7 కెల్విన్‌లు, అంటే 26.55 డిగ్రీల సెల్సియస్ వస్తుంది. ఇది నిజమైన విలువ. గుణించకుండా గీస్తే మీ మొదటి పటం, అంటే 15,000 దగ్గరి అంకెల పటం వస్తుంది. రెండుసార్లు గుణిస్తే 5.994 వస్తుంది, అదే మీ 6 కెల్విన్‌ల పటం.

ఒకరు రెండుసార్లు ఎలా గుణిస్తారంటే, లైబ్రరీ ఒకసారి, మనం ఒకసారి. ఎక్స్‌ఎరేలోని ఓపెన్ డేటాసెట్ అడగకుండానే గుణకాన్ని వాడేస్తుంది, నెట్‌సీడీఎఫ్4 లైబ్రరీ కూడా అంతే. హెచ్5పై మాత్రం ఫైలులో ఉన్న పూర్ణాంకాలను ఉన్నవున్నట్టు చేతిలో పెడుతుంది, రియోఎక్స్‌ఎరేలోని ఓపెన్ రాస్టర్ కూడా మనం చెప్పనిదే ఈ పని చేయదు. కాబట్టి ఒక లైబ్రరీకి రాసిన ప్రోగ్రామును ఇంకోదానికి మార్చినప్పుడు గుణకారం ఒకటి తగ్గుతుంది, లేదా ఒకటి ఎక్కువవుతుంది. ఎక్స్‌ఎరే తాను వాడేసిన గుణకాన్ని ఆట్రిబ్యూట్లలోంచి, అంటే డేటా పక్కన రాసిన వివరాలలోంచి, తీసి ఎన్‌కోడింగ్ అనే చోట పెడుతుంది; అక్కడ అది కనిపిస్తే గుణకారం అయిపోయినట్టే, మీరు మళ్లీ చేయనక్కరలేదు.

మబ్బుల సంగతి వేరు. మబ్బు కప్పినచోట భూమి వేడిని ఈ పరికరం చూడలేదు, ఆ గడిలో కొలత లేదని చెప్పడానికి సున్నా రాస్తారు. ఆ సున్నాను ఎవరూ తొలగించకపోతే అది కూడా గుణకారానికి వెళ్లి, సున్నా కెల్విన్‌గా బయటికి వచ్చి, సెల్సియస్‌లోకి మారి మైనస్ 273.15 అవుతుంది. పరమశూన్యం కన్నా చల్లగా ఏదీ ఉండదు కనుక ఇక్కడ తప్పు తనంతట తానే బయటపడింది. అన్ని ఫైళ్లూ ఇంత దయగా ఉండవు. కొన్నింటిలో లేని కొలతకు మైనస్ 999, కొన్నింటిలో మైనస్ 9999.9 ఉంటుంది. అవి పటంలో నేరుగా కనిపించకపోయినా, నెలసరి సగటు తీసేటప్పుడు ఒక్కటి కలిసినా సగటు కుప్పకూలుతుంది. ముందు లేని విలువలను నాన్‌గా, అంటే సంఖ్య కానిదిగా మార్చి, ఆ తరువాతే గుణించాలి. వరుస తిరగబడితే మైనస్ 999 లాంటి అంకె గుణకారంలో మారిపోయి, దానితో పోల్చి వెతికితే ఒక్క గడీ దొరకదు.

ఇదే మోడిస్ కుటుంబంలో ఇంకో చిక్కు ఉంది, నేను చాలా ఆలస్యంగా తెలుసుకున్నాను. నెట్‌సీడీఎఫ్ ఫైళ్లలో అలవాటైన సీఎఫ్ సంప్రదాయం ప్రకారం పూర్ణాంకాన్ని గుణకంతో గుణించి, దానికి యాడ్ ఆఫ్‌సెట్ అనే సంఖ్యను కలపాలి. మోడిస్ వాతావరణ ఉత్పత్తులలో మాత్రం ఆఫ్‌సెట్‌ను ముందు తీసివేసి, ఆ తరువాత గుణించాలి. మబ్బు శిఖరపు ఉష్ణోగ్రతకు గుణకం 0.01, ఆఫ్‌సెట్ మైనస్ 15000. గడిలో 12000 ఉంటే సరైన లెక్కలో 27000ను 0.01తో గుణించగా 270 కెల్విన్‌లు వస్తాయి, సీఎఫ్ పద్ధతిలో 120లోంచి 15000 పోయి మైనస్ 14880 వస్తుంది. అలాంటి ఫైలును తెరిచేటప్పుడు మాస్క్ అండ్ స్కేల్ అనే దానిని ఫాల్స్ చేసి, లెక్క మీరే వేసుకోండి.

చివరగా, మీ ఫైలు ఒక కిలోమీటరు గళ్లున్న పలకలలో ఒకటైతే, అది అక్షాంశ రేఖాంశాల గ్రిడ్ కాదు. మోడిస్ భూమి పలకలు సైనుసాయిడల్ ప్రొజెక్షన్‌లో ఉంటాయి, వాటి కొలతలు మీటర్లలో, భూమిని 6371007.181 మీటర్ల వ్యాసార్ధం గల గోళంగా తీసుకొని వేసినవి. కార్టోపైలో సైనుసాయిడల్ కింద మోడిస్ అని సిద్ధంగా ఉన్నదే ట్రాన్స్‌ఫామ్‌కు ఇవ్వాలి. ప్లేట్ కారే ఇస్తే మీటర్లు డిగ్రీలుగా లెక్కకు వచ్చి, రాబిన్సన్ జవాబులోని చుక్క కథకు తిరగబడిన కథ మొదలవుతుంది.

ప్రశ్న: తీరరేఖకు, డేటాకు మధ్య సగం గడి తేడా కనిపిస్తోంది. గళ్లు గళ్లుగా ఉండటం కూడా బాగాలేదు, నునుపు చేయవచ్చా?

జవాబు: ఫైలులోని అక్షాంశ రేఖాంశాలు చాలావరకు గడి నడిబిందువులు. ఇమ్‌షోకు ఎక్స్‌టెంట్, అంటే పటం హద్దులు, ఇచ్చేటప్పుడు ఆ నడిబిందువుల కనిష్ఠ గరిష్ఠాలను ఇస్తే పటం అంచుల దగ్గర సగం గడి నొక్కుకుపోతుంది. నాలుగు వైపులా సగం గడి కలిపి ఇవ్వాలి. పాత ప్రోగ్రాముల్లో పీకలర్‌మెష్‌కు నడిబిందువులనే ఇస్తే, వాటిని అంచులుగా తీసుకొని చివరి వరుసను, చివరి నిలువు గళ్లను చప్పుడు లేకుండా వదిలేసేది. 2020లో వచ్చిన మ్యాట్‌ప్లాట్‌లిబ్ 3.3 నుంచి షేడింగ్ దగ్గర ఆటో అని ఇస్తే నడిబిందువులను నడిబిందువులుగానే చూస్తుంది.

నునుపు చేయడం చేతకాని పనేమీ కాదు, చేయకూడని పని. పావు డిగ్రీ గడి భూమధ్యరేఖ దగ్గర సుమారు 28 కిలోమీటర్లు ఉంటుంది. ఆ 28 కిలోమీటర్ల లోపల ఏమి జరిగిందో ఫైలుకు తెలియదు. రంగులను సాగదీసి కలిపితే, లేని వివరం ఉన్నట్టు కనిపిస్తుంది, చూసేవాళ్లు ఊరి పక్కన వేడి ఎక్కడ మొదలైందో కూడా చెప్పబోతారు. అందం కోసం పోతే అసలుకే మోసం వస్తుంది. గళ్లు కనిపించనివ్వండి.

ప్రశ్న: ఏ రంగులు వాడాలి?

జవాబు: జెట్ అనే ఇంద్రధనుస్సు రంగుల పట్టీని మానండి. 2017లో వచ్చిన మ్యాట్‌ప్లాట్‌లిబ్ 2.0 దానికి బదులు విరిడిస్ అనే పట్టీని మనం ఏదీ చెప్పనప్పుడు వాడే రంగులుగా పెట్టడానికి కారణం ఉంది: జెట్‌లో పసుపు, నీలాకాశపు రంగు దగ్గర వెలుగు హఠాత్తుగా మారి, డేటాలో లేని గట్లు కంటికి కనిపిస్తాయి, ఎరుపు ఆకుపచ్చల తేడా తెలియనివారికి సగం పటం అర్థం కాదు. సగటు నుంచి తేడాలను చూపేటప్పుడు మాత్రం నడుమ తెల్లగా, రెండు వైపులా రెండు రంగులుగా సాగే పట్టీ వాడి, హద్దులు మైనస్ 5 నుంచి 5 వరకు అన్నట్టు సమానంగా పెట్టండి, లేకపోతే తెలుపు సున్నా దగ్గర ఉండదు. ఎక్స్‌ఎరే రుణ, ధన విలువలు రెండూ కనిపిస్తే తనంతట తానే అలాంటి పట్టీని ఎంచుకుంటుంది. సెల్సియస్ ఉష్ణోగ్రతలకు అది అర్థంలేని ఎంపిక కనుక పట్టీ పేరు మీరే చెప్పండి.

వానకు సమాన మెట్లు పనికిరావు, చాలా గళ్లలో సున్నా, కొద్ది గళ్లలో వందలు ఉంటాయి. లెవెల్స్ అనే చోట 0.1, 1, 5, 10, 25, 50, 100 అన్నట్టు హద్దులు ఇచ్చి, 0.1 కన్నా తక్కువను రంగు లేకుండా వదిలేస్తే పటం చదవడానికి వీలుగా ఉంటుంది. రెండు నెలలను పక్కపక్కన పెడుతున్నప్పుడు రెండింటికీ కనిష్ఠ గరిష్ఠాలు ఒకటే ఇవ్వండి. ఇవ్వకపోతే ప్రతి పటం తన గరిష్ఠాన్ని తానే ఎంచుకొని, చల్లని నెలను కూడా మండుతున్నట్టు చూపిస్తుంది.

ప్రశ్న: వ్యాసం కోసం పటాన్ని పీడీఎఫ్‌గా దాచితే ఫైలు తెరుచుకోవడానికే నిమిషాలు పడుతోంది. ఇంకొక చిన్న సంగతి: నెట్ లేని కంప్యూటర్‌లో తీరరేఖలు రావడం లేదు.

జవాబు: పీకలర్‌మెష్ గీసిన ప్రతి గడినీ పీడీఎఫ్ ఒక విడి ఆకారంగా రాసుకుంటుంది. 1440ని 720తో గుణిస్తే 10,36,800 ఆకారాలు; ఐమెర్గ్ అయితే 64,80,000. గీసేటప్పుడు రాస్టరైజ్డ్ అనే దానిని ట్రూ చేస్తే గళ్లన్నీ కలిసి ఒకే బొమ్మగా మారుతాయి, తీరరేఖలు, అక్షరాలు మాత్రం ఎంత పెద్దది చేసినా చెదరని గీతలుగానే ఉంటాయి. దాచేటప్పుడు డీపీఐ (అంగుళానికి చుక్కల సంఖ్య) 300 ఇస్తే అచ్చుకు సరిపోతుంది.

తీరరేఖలను కార్టోపై నేచురల్ ఎర్త్ అనే ఉచిత పటాల డేటా నుంచి మొదటిసారి అవసరమైనప్పుడు దించుకుంటుంది. అవి మూడు స్కేళ్లలో ఉంటాయి: 1:11 కోట్లు, 1:5 కోట్లు, 1:1 కోటి. ప్రపంచపటానికి మొదటిది చాలు, ఒక జిల్లాను చూపేటప్పుడు మూడవది కావాలి. నెట్ ఉన్న కంప్యూటర్‌లో మీకు కావలసిన స్కేలుతో ఒకసారి పటం గీసి, కార్టోపై కాన్ఫిగ్‌లో డేటా డిర్ అనే పేరుతో కనిపించే ఫోల్డరును రెండవ కంప్యూటర్‌కు కాపీ చేసి, అక్కడి ప్రోగ్రాము మొదట్లోనే ఆ దారిని కాన్ఫిగ్‌కు ఇవ్వండి.